పాలు పోసిన చోటు

కుసుమకుమారి కందిపప్పు డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది. ప్రకటనలు తీసే ప్రమోద్.

"అమ్మా, మీ పాత పాలపొడి కంపెనీయే. అప్పుడు అమ్మ గొంతు ఇచ్చారుగా, ఇప్పుడు అమ్మమ్మ గొంతు కావాలి. ఒక్క లైనే. పంజాగుట్ట స్టూడియోకి వచ్చేయండి."

ఆమె చేతిలోని డబ్బా వంక చూసింది. బొమ్మ చెరిగిపోయింది గానీ, అది ఆ పాలపొడి డబ్బాయే.

"ఒక్క లైనుకి అంత ఆలోచనేంటి?" అన్నాడు భర్త హనుమత్ప్రసాద్, పేపర్లోంచి తలెత్తకుండా. "కుక్కర్ పెట్టేసి వెళ్లు."

అమీర్‌పేటలో ఆటో ఎక్కగానే ఆ పాత రోజులు కూడా పక్కన వచ్చి కూర్చున్నాయి. నెత్తిన మెట్రో వంతెన లేదు, అప్పుడీ దారికి ఆకాశం ఉండేది. మూడు నెలల కూతురు సుమశ్రీని అత్తగారి దగ్గర వదిలి వచ్చేది. మైకు ముందు "అమ్మ మెచ్చిన పాలు" అని నవ్వుతూ చెబుతుంటే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. అద్దం అవతల ఎవరో, "ఫీలింగ్ ఒరిజినల్‌గా వచ్చింది!" అన్నారు. మగవాళ్లంతా నవ్వారు. టీ ఇచ్చే భూలక్ష్మి ఒక్కతే ఆమెను పక్కగదిలోకి తీసుకెళ్లి, తలుపు మూసి, గ్లాసు చేతికిచ్చింది.

"పిండుకో బిడ్డా, సిగ్గేంది?"

ఆ పాలు భూలక్ష్మే తీసుకెళ్లి గేటు పక్క కానుగ చెట్టు మొదట్లో పోసింది. "తల్లిపాలు మంది కాళ్ల తొక్కుళ్లల్ల పొయ్యొద్దు."

ఇంటికెళ్లేసరికి అత్తగారు పాపకి సీసా పడుతోంది. "డబ్బాపాలు మంచివని మైకులో చెప్పొచ్చింది నువ్వేగా, మాకేం తెలుసు!" తన మాటే తనకు అడ్డం నిలబడింది. కొన్నాళ్లకి పాలు ఎండిపోయాయి. అయినా, కూరగాయల బండి దగ్గర ఆడవాళ్లు ఆ మాట మళ్లీ మళ్లీ చెప్పించుకుంటుంటే ఎంత మురిసిపోయిందో.

తర్వాతిసారి వెళ్లినప్పుడు భూలక్ష్మి సంబరంగా చెప్పింది. "రేడియోల నీ గొంతు ఇని మా కోడలు సుత గా డబ్బనే కొన్నదమ్మా. ఒక్క డబ్బ నెలంత రావాలె గదా, మస్తు నీళ్లు కలుపుతున్నది."

అన్ని నీళ్లయితే పసిబిడ్డకి బలమేం ఉంటుందని కుసుమ వెంటనే వెళ్లి, ఎన్ని నీళ్లు కలపాలో కూడా రేడియోలో చెబుతానని కంపెనీ ఆయన్ని అడిగింది. "డబ్బా మీద ఇంగ్లీషులో ఉందిగా" అన్నాడాయన.

ఆటో దిగింది. గేటు పక్క కానుగ చెట్టు లేదు, నున్నటి రాళ్లు పరిచారు. ఆమె ఆ చోటు తొక్కకుండా చుట్టూ తిరిగి లోపలికి వెళ్లింది.

"ఇప్పుడు రెండేళ్లు దాటిన పిల్లలకనే చెప్పాలమ్మా, రూల్సు మారాయి" అన్నాడు ప్రమోద్, మైకు ముందు కుర్చీ జరుపుతూ. "డబ్బా, బొమ్మ మాత్రం అవే." హెడ్‌ఫోన్స్ పెట్టి కాగితం అందించాడు.

'మా అమ్మాయిని నేను దీంతోనే పెంచాను.'

"ప్రేమగా చెప్పండమ్మా. నిజమనిపించాలి."

కుసుమకుమారి చెవులకున్న హెడ్‌ఫోన్స్ తీసి, కాగితం మీద పెట్టింది.

"అబద్ధమైతే ఎంత ప్రేమగానైనా చెప్పేదాన్ని బాబూ. ఇది నిజం. అందుకే చెప్పను."