భాగ్య మాట్లాడిన రూము

ఇంగ్లీషు టీచరుకు కోపం ఉండకూడదంటారు. అలా అన్నవాళ్లు పదకొండు మంది నాటు కూలీలకు ఒకేసారి ‘లగేజ్’ అనే మాట నేర్పి ఉండరు.

మా ఊరు తొర్రూరుకు నాలుగు కిలోమీటర్లు. నా పేరు నీరజ, హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. భాగ్యది వరినాట్లేసే గుంపు. గుంపులో పదకొండు మంది, అందరిలో పెద్దది సత్తమ్మ, అరవై దాటింది. ఏటా కార్తీకంలో వీళ్లంతా మా ఊరి వ్యాను డ్రైవరు ఐలేశ్ బండి మాట్లాడుకుని కాళేశ్వరం పోయివస్తారు. అక్కడ గోదావరిలో మునిగి లేవగానే భాగ్య ఏటా ఒకే ప్రశ్న అడుగుతుందట: “గీ నీళ్లన్ని యాడికి వోతున్నయి?” సముద్రానికని ఎవరో ఒకరు చెబుతారట. పదిహేనేళ్లు అదే జవాబు విని విసుగొచ్చి, ఈసారి ఆ సముద్రమేదో చూడాల్సిందేనని పట్టుపట్టింది.

గోదావరి కలిసేది అటు కాకపోయినా, ఐలేశ్ నోట ఎప్పుడూ వినే కేరళ సముద్రమే కావాలంది. ఐలేశ్ ఏటా అయ్యప్ప స్వాములను శబరిమలకు తీసుకుపోయేవాడే. కేరళ దారి అతనికి కొట్టినపిండి. అయినా ఒప్పుకోలేదు.

“బండి నడుపుడు నా పని. రూములు మాట్లాడుడు నాతోని కాదు. పోయినేడు నా మాట వాళ్లకు, వాళ్ల మాట నాకు ఎక్కక స్వాములంత బండ్లనే పన్నరు. ఆడ ఇంగ్లీషైతె నడుస్తది. మీరే ఫోన్ చేసి రూము ఖాయం చేసుకోండ్రి, బండి తీస్త. లేకుంటె ఎప్పటి లెక్క కాళేశ్వరమే,” అన్నాడు. కార్తీక పున్నమి దాకా గడువిచ్చాడు.

అలా వచ్చి నా మీద పడ్డారు. సాయంత్రం బడి వదిలాక తొమ్మిదో తరగతి గదిలో పాఠం మొదలుపెట్టాను. బీచ్, వేవ్, టైడ్, లైఫ్ జాకెట్, చెకిన్ అని బోర్డు మీద రాసి, ఒక్కో మాటను పదేసి సార్లు రాయించాను. నాలుగో రోజు అడిగితే ఒక్కరికీ ఒక్కటీ రాలేదు. కోపం నషాళానికంటింది.

“ఇన్ని రోజులు చెప్పిందంతా బూడిదలో పోసిన పన్నీరే,” అన్నాను.

భాగ్య నొచ్చుకోలేదు. “రాసుడు మాకు ఎక్కది టీచరమ్మ. వంగితె ఎక్కుతది,” అని కొంగు నడుముకు దోపి లేచింది.

బెంచీలు పక్కకు జరిపి పదకొండు మందీ వరుస కట్టారు. నాటు వేస్తున్నట్టే నడుములు వంచి, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ పాట అందుకున్నారు. “వేవు వచ్చెనె వదినా” అని భాగ్య ఎత్తుకుంటుంది, “వేవు వచ్చెనె” అని పదిమందీ అందుకుంటారు. “జాకెట్టు తొడుగె వదినా, లైఫు జాకెట్టు తొడుగె.” మా హెడ్మాస్టర్ రామ్మోహన్ సార్ కిటికీలోంచి చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయారు. వెనక గోడ తగిలేసరికి అందరికీ పన్నెండు మాటలు వచ్చేశాయి. నా పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఎవరికీ ఏదీ అంత తొందరగా రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, సంతోషం పట్టలేక వాళ్లతో పాటు నేనూ వంగాను.

చిక్కంతా సత్తమ్మతోనే.

“వేవ్ అంటె అల గద. అది కాళ్లకు తాకితె ఎట్లుంటది బిడ్డా?” అని అడిగింది.

“చల్లగా ఉంటుంది.”

“మల్ల ఎనుకకు పోయేటప్పుడు?”

పుస్తకంలో ఆ సంగతి లేదు. “ముందు మాట సరిగ్గా పలకడం నేర్చుకో అవ్వా,” అని కసిరాను. సముద్రం పాఠాన్ని ఏటా బొమ్మలతో సహా చెప్పే నేను సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. ఆ మాట ఊళ్లో ఎవరికీ తెలియదు. సత్తమ్మ ‘వేవ్, వేవ్’ అని పలుకుతూ కూర్చుంది. భాగ్య మాత్రం కాసేపు నా ముఖం వైపే చూసింది.

పున్నమికి ముందురోజు ఫోను చేయించాను. కేరళలోని వర్కల అనే ఊళ్లో సముద్రం ఒడ్డునున్న చిన్న లాడ్జి నంబరు ఒకటి వెతికి పట్టి, స్పీకర్ పెట్టి ఫోను బల్ల మీద ఉంచాను. ఐలేశ్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను నోరు విప్పి అందించకూడదన్నది అతని షరతు.

అవతల ఒక ఆడగొంతు పలికింది.

“హలో మేడం. గుడ్ ఈవినింగ్. యూ ఈట్?” అంది భాగ్య.

తిన్నవా అని అడగకుండా మాట మొదలుపెట్టడం ఆమెకు చేతకాదు. నేను తల పట్టుకున్నాను. అవతలామె తిన్నానని నవ్వుతూ చెప్పింది.

ఆపైన భాగ్య ఎక్కడా ఆగలేదు. త్రీ రూమ్స్ అంది, టూ నైట్స్ అంది, బీచ్ సైడ్ అంది. నేర్చుకున్నందుకు లైఫ్ జాకెట్ కూడా అడిగింది. అన్నిటికీ ఎస్ మేడం అనే జవాబు వచ్చింది. చివరికి, “వన్ స్టవ్. రైస్ కుకింగ్,” అంది.

“సారీ మేడం. నో కుకింగ్ ఇన్ ద రూమ్.”

గదిలో అందరి ముఖాలూ వాడిపోయాయి. కొత్త నీళ్లలో దిగేముందు గంగమ్మకు బోనం పెట్టాలి. కాళేశ్వరంలోనైతే ఒడ్డునే మూడు రాళ్లు పెట్టి, కొత్త కుండలో అన్నం వండుతారు. ఇదంతా తెలిసి నేను స్టవ్ అనే మాటైతే నేర్పాను గానీ, లాడ్జీలో వండనివ్వరని చెప్పడం మరిచిపోయాను. తప్పు నాదే.

“బోనం పెట్టకుండ నేను నీళ్లల్ల కాలువెట్ట,” అంది సత్తమ్మ. ఆమె కదలకపోతే మిగతావాళ్లెవరూ కదలరు.

“ఇగ కాళేశ్వరమే,” అని ఐలేశ్ గొణిగాడు.

భాగ్య బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది. నేను పెదవులు బిగించుకున్నాను. ఆమె కళ్లు మూసుకుని మళ్లీ ఫోను మీదికి వంగింది.

“మేడం. సీ... అమ్మ. ఫస్ట్ అమ్మ ఈట్. దెన్ వుయ్ బాత్. నో అమ్మ ఈట్, నో బాత్.”

అవతలామె “సీ... అమ్మ?” అని తిరిగి అంది. తర్వాత, “ఓ, కడలమ్మ,” అందామె. వాళ్ల భాషలో కడల్ అంటే సముద్రమని నాకు ఆ తర్వాత తెలిసింది. అమ్మ అన్నది మాత్రం గదిలో అందరికీ అప్పుడే అర్థమైంది. “హియర్ ఆల్సో, కడలమ్మ. యూ కమ్. మార్నింగ్, మై మదర్స్ కిచెన్, యూ కుక్.”

వాళ్లమ్మ వంటింట్లో వండుకోమంటోందని తెలిసి సత్తమ్మ ఫోనుకే దండం పెట్టింది.

“హౌ మెనీ పర్సన్స్, మేడం?”

“ట్వెల్వ్,” అంది భాగ్య.

నాకు మళ్లీ కోపం వచ్చింది. ఇంత దూరం నడిపించుకొచ్చి చివర్లో లెక్క తప్పుతుందా అని, పది వేళ్లు చూపించి తర్వాత ఇంకో వేలు చూపించాను. ఆమె నా చేతిని పక్కకు నెట్టింది.

“లెవెన్ లేడీస్. వన్ టీచర్. టీచర్ ఆల్సో ఫస్ట్ టైమ్.”

పదిమందీ నా వైపు తిరిగారు. నా చెవులు వేడెక్కాయి. ఫోను పెట్టేశాక, “నీకెవరు చెప్పారు?” అని భాగ్యను నిలదీశాను.

“ఎవలు చెప్పాలె? సూసినోళ్లైతె సత్తమ్మవ్వ అడిగినప్పుడు చెప్పకుంట ఉంటరా?” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “కొత్తగ వచ్చినదాన్ని మేము నాట్లల్ల చివరకు నిలవెట్టం, టీచరమ్మ. నడుమ నిలవెడ్తం. అది ఎనుకవడ్తె అటు పక్కామె కొంత, ఇటు పక్కామె కొంత దాని వంతు గూడ నాటుకుంట వస్తరు. సముద్రంల గూడ నిన్ను గట్లనే పట్టుకుంటం. భయపడకు.”

భయమా, నాకా అని కసురుదామని నోరు తెరిచాను. కానీ నిజంగానే భయం వేసింది. దాని వెంటనే చిన్నపిల్లలా ఎగరాలన్నంత సంతోషం వచ్చింది.

“ఐలేశ్, పన్నెండు సీట్లు,” అన్నాను. “కిటికీ పక్కది నాకు.”

“కిటికీ లేదు, గిటికీ లేదు. నువ్వు నడుమనే,” అంది సత్తమ్మ.