పది ఫారాలు, ఒకే చేతిరాత

మంచికి పోతే చెడు ఎదురైందని ఊరికే అనలేదు పెద్దలు. నారాయణఖేడ్‌లో మనూర్ రోడ్డు పక్కనున్న రేకుల చర్చివాళ్లు పదిమంది కలిసి స్వరూపరాణికి చేసిన మేలు అచ్చంగా అలాంటిదే. ఆ పదిమందిలో ఒక్కరి కడుపులోనూ కల్మషం లేదు. ఉన్నా బాగుండేది, కనీసం పది ఫారాలు పది రకాలుగా వచ్చేవి.

స్వరూపరాణికి నలభై ఆరేళ్లు. వారమంతా అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పుతుంది, ఆదివారం చర్చిలో పెద్దలకు వాక్యం చెబుతుంది. పదిహేనేళ్లుగా ఇదే వరస. పాస్టరు జహీరాబాదు నుంచి రెండు నెలలకోసారి వస్తాడు, ఆయన రాని ఆదివారాలన్నీ ఈమెవే. ప్రార్థన చేస్తుంది, జబ్బు పడ్డవాళ్ల మంచం పక్కన కూర్చుంటుంది, చచ్చిపోయినవాళ్లను మట్టిలో కలిపి వస్తుంది. ఒక్క బల్ల దగ్గర మాత్రం ఆమె చేతులు కట్టేసినట్టే. ఏసు చివరి విందును తలుచుకుంటూ పంచే ప్రభువు బల్ల రొట్టె విరిచి ఇవ్వాలంటే పాస్టరుగా అభిషేకం కావాలి. పోయిన వానాకాలం మొగులప్ప తాత మంచంలో ఉండి మూడు రోజులు ఆ రొట్టెముక్క కోసం అడిగాడు. పాస్టరు వచ్చేసరికి తాత లేడు. రొట్టె చేసేదీ తనే, పళ్లెం కడిగేదీ తనే, ఇవ్వడానికి మాత్రం తను పనికిరాదు. ఇదెక్కడి న్యాయమో!

జహీరాబాదు సంఘ పెద్దలు ఒక మాట ఇచ్చారు. ఎం.డివ్. పాసై వస్తే జూన్‌లో అభిషేకం చేస్తామన్నారు. ఎం.డివ్. అంటే దేవుని పరిచర్య చేసేవాళ్ల పెద్ద చదువు. హైదరాబాదులోని ఒక కాలేజీ దాన్ని ఆన్‌లైన్‌లో చెబుతుంది. స్వరూపరాణి నాలుగేళ్ల కిందట చేరింది. మూడేళ్ల చదువుకు ఒక ఏడాది గడువు పెంచుకుంది కూడా, ఈ ఏప్రిల్ దాటితే ఇక పేరు కొట్టేస్తారు. ఒక చేత్తో జొన్నరొట్టె తడుతూ గ్రీకు అక్షరాలు బట్టీ పట్టింది. భర్త లాజరు మనూర్‌కు షేర్ ఆటో తోలుతాడు. "ఏమే, గా దేవునికి తెలుగు రాదా?" అని ఏడిపించేవాడు గానీ, క్లాసు నడిచేటప్పుడు టీవీ బంద్ చేసి కూర్చునేవాడు, పాపం.

అన్నీ గట్టెక్కి చివరికి ఒక్క పని మిగిలింది. ఆమె బోధ వినేవాళ్లు పదిమంది, ఆమె ఎలా చెబుతుందో తలా ఒక ఫారంలో రాసివ్వాలి. ఒక మంచి, ఒక లోపం. ఆమె వాటిని చదవకూడదు. నేరుగా కాలేజీకి వెళ్లాలి.

ఆ పదిమందిలో సంతకం తప్ప నాలుగు ముక్కలు రాయగలిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. మరి ఏం చేస్తారు? ఫారాలన్నీ పట్టుకుని భాగ్య దగ్గరికి పోయారు. భాగ్యా ఆ పదిమందిలో ఒకతే, మహిళా సంఘం తీర్మానాలు రాస్తుంది. పదకొండేళ్లుగా ఆ వాడలో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆమె చేతిరాతే. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక సాయంత్రం కూర్చుని పది ఫారాలూ నింపేసింది. "సభ్యులందరం సమావేశమై, స్వరూపరాణి గారి బోధ మిక్కిలి బాగున్నదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. లోపములు: లేవు." పది ఫారాల్లో పొల్లు పోకుండా అదే ముక్క. కింద సంతకాలో వేలిముద్రలో. ఇర్ఫాన్ జిరాక్సు షాపులో స్కాన్ చేయించి పంపేసి, ఇంటికి పోయి హాయిగా పడుకుంది.

మూడో రోజు సాయంత్రం నతానియేలు సార్ వీడియో కాల్ చేశాడు. ఆమె చదువుకు మార్కులు వేసేది ఆయనే. నెమ్మదైన మనిషి, ఆ రోజు మాత్రం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"స్వరూపరాణి గారూ, పది ఫారాలూ ఒకే చేతిరాత. ఒకే వాక్యం. మీరు రాయించారా?"

ఫారాలు తెరమీద చూపించాడు. ముత్యాల్లాంటి అక్షరాలు చూడగానే సంగతంతా అర్థమైంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"నేను నమ్ముతాను. కమిటీ నమ్మదు. ఇది వాళ్ల దాకా పోతే మోసం అంటారు. ఒక పని చేయండి. రాయలేనివాళ్లను మాట్లాడనివ్వండి. ఆ పదిమందీ ఎవరి గొంతుతో వాళ్లు చెప్పింది రికార్డు చేసి పంపండి. ప్రతి ఒక్కరూ ఒక్క లోపమైనా చెప్పాలి. లోపం లేని బోధకులను నేనింతవరకూ చూడలేదు. పది రోజుల టైముంది."

భాగ్యను అడిగితే ఆమె నోరు తెరిచింది. "తప్పేముందక్కా? బ్యాంకోళ్లు గిట్లనే అడుగుతరు. అందరు ఒక్క మాట మీదుంటెనే లోను పాసయితది."

"గిది బ్యాంకు కాదే తల్లీ!"

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి ఫోన్ ముందు పెట్టింది. తలప్రాణం తోకకొచ్చింది. వాక్యం చెప్పే మనిషిని తప్పుపట్టడం ఆ వాడలో ఎవరికీ అలవాటు లేదు. రుక్కమ్మ బుగ్గలు నొక్కుకుని, "లోపమా! అక్క జర చిక్కిపోయింది, మంచిగ తినుమనుండ్రి" అంది. మధు గొంతు సవరించుకుని, మైకు బాగాలేదు, సార్ కొత్తది ఇప్పిస్తే మంచిదన్నాడు. భాగ్య, నిండా మునిగినా ఏకగ్రీవం వదల్లేదు. అందరూ ఏం చెబితే అదే తన మాట అంది. ఎట్లాగో బతిమాలి, బెదిరించి, తొమ్మిదిమంది నోట తొమ్మిది చిన్నాచితకా లోపాలు చెప్పించింది.

పదో మనిషి రామవ్వ. మొగులప్ప తాత భార్య.

రామవ్వ సంగతి కొంచెం చెప్పాలి. ఆ చర్చిలో బోధకు ఊఁ కొట్టడం ఒక అలవాటు. కథ వింటున్నట్టు, మాట మాటకూ ముసలమ్మలు ఊఁ అంటారు. వాళ్లందరికీ ముందుగా లేచే ఊఁ రామవ్వది. ఆ ఊఁ ఎక్కడ గట్టిగా పడితే అక్కడ తన మాట జనానికి అందిందని స్వరూపరాణికి లెక్క. తాత పోయినప్పటి నుంచి రామవ్వ ఊఁ కొట్టడం మానేసింది. దుఃఖంలో ఉంది, కొన్నాళ్లకు సర్దుకుంటుందని అనుకుని ఊరుకుంది స్వరూపరాణి. ఎనిమిది నెలలు ఊరుకుంది!

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేసరికి రామవ్వ అరుగు మీద చేటలో కందులు చెరుగుతోంది. వచ్చిన పని విని చేట పక్కన పెట్టింది.

"ఆ నాడు భాగ్య ఏలుముద్ర ఎయ్యుమంటె ఏసిన, నీ పని ఆగొద్దని. గిప్పుడు నోటితోని చెప్పుమంటున్నవ్. నోటితోని అబద్దం చెప్పరాదు బిడ్డా నాకు."

"నిజమే చెప్పవ్వా."

"అయితే ఒత్తు దాన్ని."

స్వరూపరాణి ఫోన్‌లో రికార్డు నొక్కింది.

"నా ముసలోడు పెట్టెల పండుకున్ననాడు వాక్యం చెప్పినవ్. మంచిగ చెప్పినవ్, అందరు మెచ్చుకున్నరు. నువ్వు నా దిక్కు మాత్రం సూడలే. మూడు కాళ్ల స్టాండు మీద ఫోన్ వెట్టి, దాని దిక్కు సూసుకుంట చెప్పినవ్. నేను పెద్దగ ఏడిస్తె, అవ్వను జర అవుతలికి తీస్కపోండ్రి అన్నవ్. నా ఏడుపు అందుల పడొద్దని. నా మొగడు, నా ఏడుపు. నేను అవుతలికి ఎందుకు పోవాలె? పదిహేనేండ్లు నీ మాటకు ఊఁ గొట్టిన. ఆ దినం సంది నా నోట్లకెళ్లి ఊఁ ఎల్తలేదు. గిదే నీ లోపం. ఇగ బంద్ జెయ్."

స్వరూపరాణి బంద్ చేసింది. రామవ్వ మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది.

నిజమాడితే నిష్ఠూరమంటారు గానీ, అందులో నిష్ఠూరం కూడా లేదు, ఉన్న సంగతి చెప్పిందంతే. ఆ భూస్థాపన బోధను వీడియో తీసి పరీక్ష కింద పంపింది స్వరూపరాణి. నాలుగేళ్ల చదువులో ఆమెకు వచ్చిన ఒకే ఒక్క ఎ ప్లస్ దానికే. ఆ మార్కు చూసిన రోజు లాజరు బస్టాండు దగ్గర అందరికీ మిర్చీలు తినిపించాడు. ఇప్పుడు అది తలుచుకుంటే ఆమెకు చచ్చేంత సిగ్గేసింది.

ఇంటికి తీసుకుపోతూ లాజరు ఆటోలోనే తీర్పు చెప్పేశాడు. "రుక్కమ్మ చెల్లెను అడుగు. గామె పదో మనిషి అయితది. ఏలుముద్ర ఎవరిదో, గొంతు ఎవరిదో సారుకెట్ల తెలుస్తది? రామవ్వది పంపినవనుకో, నీ ఎ ప్లస్ గూడ గంగల కలుస్తది. నాలుగేండ్ల తిప్పలు!"

ఆ మాట తీసిపారేసేది కాదు. రామవ్వ చెప్పింది పంపితే, మొగుడు పోయిన ముసలిదాన్ని పక్కకు నెట్టి మార్కులు తెచ్చుకున్నట్టు తన చేతులతో తనే రాసిచ్చినట్టు. పంపకపోతే ఎవరికీ తెలియదు. జూన్‌లో అభిషేకం. నలభై ఇళ్లకు బల్ల. తెల్లారి అంగన్‌వాడీకి పోయేదాకా అదే ఆలోచన. పిల్లలు ఉప్మా తింటూ ఉండగా గోడకానుకుని రికార్డు ఇంకోసారి విన్నది. నా మొగడు, నా ఏడుపు అన్న చోట ఆపేసింది. ఆ బల్ల మీద రొట్టె విరిచి మొదట ఇవ్వాల్సింది రామవ్వకే కదా, ఏ ముఖంతో ఇస్తాను అనుకుంది. పది రికార్డుల్లో రామవ్వదే ముందు పంపింది.

సాయంత్రానికి సార్ ఫోన్ వచ్చింది.

"ఆ ఎ ప్లస్ వేసింది నేనే అమ్మా. వెనకాల ఏడుపు వినిపించి ఆగిపోతే, శబ్దం బాగా అదుపు చేశారని కూడా రాశాను. ఇప్పుడేం చేద్దాం?"

"తీసెయ్యండి సార్ ఆ మార్కు."

"తీసేస్తే ఇంకో బోధ పంపాలి. ఆరు రోజులే ఉంది."

"వీడియో లేకుండా కుదరదా సార్?"

"కుదరదు. నిబంధన."

గోరుచుట్టు మీద రోకటిపోటు. అయినా మర్నాడు రామవ్వ అరుగు మీద కూర్చుంది. ఫోన్ సంచిలోనే ఉంచింది.

"తప్పయిందవ్వా," అంది. అంతకుమించి మాటలు ముందే అనుకుని వచ్చింది గానీ ఒక్కటీ గుర్తు రాలేదు, ఏడుపొచ్చింది. రామవ్వ ఆమెను ఏడవనిచ్చింది. అవతలికి పొమ్మనలేదు.

ముఖం తుడుచుకున్నాక అడిగింది. "తాత పేరు మీద నీ ఇంట్ల చిన్న ప్రార్థన కూటం పెడ్తనవ్వా. వాక్యం మళ్ల చెప్త. వీడియో తియ్యాలంటున్నరు. నువ్వు వద్దంటే తియ్య. పరీక్ష పోతె పోనీ, కూటం మాత్రం పెడ్త."

రామవ్వ చేటలోంచి రెండు రాళ్లు ఏరి పారేసింది. "తియ్యి. గని ఫోన్ నా చేతుల ఉండాలె."

శనివారం పొద్దు వాలాక రామవ్వ ఇంట్లో పన్నెండుమంది కూడారు. రామవ్వ గోడకు చేరగిలబడి, ఫోన్‌ను రెండు చేతులతో పళ్లెం పట్టుకున్నట్టు పట్టుకుంది. స్వరూపరాణి ఎదురుగా నేలమీద కూర్చుంది, కాగితం తెచ్చుకోలేదు. ఇప్పుడు ఫోన్ దిక్కు చూసినా రామవ్వ ముఖమే, రామవ్వ దిక్కు చూసినా ఫోనే.

రెండు నిమిషాలకే ముసలామె చేతులు నొప్పి పుట్టి ఫోన్ ఒళ్లోకి దిగింది. అది ఇంటి పైకప్పు రేకుల్ని వీడియో తీస్తోందని స్వరూపరాణికి కనిపిస్తూనే ఉంది. మధు లేవబోతే కళ్లతోనే కూర్చోమంది. తాత గురించి చెప్పింది. ఎండాకాలం పక్కవాళ్ల ఎడ్లకు కూడా నీళ్లు పెట్టేవాడని, పాట తప్పు పాడినా అందరికంటే గట్టిగా పాడేవాడని చెప్పింది. చివరి మూడు రోజులు రొట్టె అడిగితే ఇవ్వలేకపోయానని, దేవుడు ఎందుకు అట్లా ఉంచాడో తనకు ఇప్పటికీ తెలియదని చెప్పింది. అక్కడ రామవ్వ పెద్దగా ఏడ్చింది. స్వరూపరాణి చెప్పడం ఆపేసి, జరిగి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. ఎవరూ తొందరపడలేదు. ఏడుపు దానంతట అదే తగ్గింది.

"తాత మాత్రం అడుగుడు బంద్ చెయ్యలే," అని మళ్లీ మొదలుపెట్టింది స్వరూపరాణి.

"ఊఁ," అంది రామవ్వ.

వీడియో ఇరవై రెండు నిమిషాలు. మొదట రెండు నిమిషాలు స్వరూపరాణి ముఖం, మిగతాదంతా రేకులు, ఒక బల్లి, రామవ్వ చీర కొంగు. అది చూసి లాజరు తల పట్టుకున్నాడు. ఒక్క క్షణం కూడా కత్తిరించకుండా అట్లాగే పంపింది.

నాలుగు రోజులకు జవాబు వచ్చింది. దాన్ని చదివి వినిపించడానికి రామవ్వ ఇంటికే పోయింది. "బోధకురాలు తెరమీద కనిపించలేదు, అందుకు మార్కులు తగ్గించాను. గ్రేడు బి. ఊఁ కొట్టిన అమ్మకు నా నమస్కారం చెప్పండి."

"బి అంటె?" అడిగింది రామవ్వ.

"పాసయిన అవ్వా. జూన్‌ల బల్ల నేనే ఇస్త. మొదలు నీకే."

"ఊఁ," అంది రామవ్వ, చేట ముందుకు జరుపుతూ. "గవి జర ఏరు. నాకు కండ్లు కనిపిస్తలేవు."

స్వరూపరాణి కొంగు నడుముకు దోపుకుని కందులు ఏరడానికి కూర్చుంది.