తందూరు మట్టి

తొలి వాయి రొట్టెలు తీసి, చేతుల పిండి దులుపుకొని, రొట్టెల దుకాణం ఇస్తామ్ అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. శనివారం. బుఖారాలోని ఆ సందులో యూదుల ప్రార్థన మందిరానికి పొయ్యి వెలిగించేది అతనే. ఆ రోజు వాళ్ల మతంలో విశ్రాంతి దినం: నిప్పు ముట్టించరు, రాత చెరపరు, ఇతరులకు పని పురమాయించరు కూడా. మందిరం చూసుకునే నేర్యే "చల్లగా ఉంది" అని గాలితో అంటాడు. ఇస్తామ్ విని లోపలికి వెళతాడు. ఇద్దరి మీసాలు నల్లగా ఉన్ననాటి నుంచీ నడుస్తున్న బేరం అది. కూలి ఇవ్వబోతే అతను పుచ్చుకోలేదు. గిరాకీ పోతే మళ్లీ వస్తుంది, పొరుగు పోతే రాదన్నది అతని లెక్క.

పొట్టి మనిషి. తందూరులోకి వంగి వంగి నడుము అలాగే నిలిచిపోయింది. కుడి ముంజేతికి వెంట్రుకలు లేవు. ఈమధ్య నాలుగడుగులు వేస్తే ఆయాసం.

నేర్యే మందిరం గోడకు వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. అతని వీపు దాచలేనంత వెడల్పున తారు రాత: యూదులారా, పొండి.

పదిమంది మగవాళ్లు కూడితేనే అక్కడ పూర్తి ప్రార్థన. సందులో మిగిలింది సరిగ్గా పదిమంది, అందరూ ముసలివాళ్లే. ఇది చూసి ఒక్కడు ఊరు వదిలినా ఆ తలుపు మూతే.

"ఈ గోడకి చలేస్తున్నట్టుందిరా," అన్నాడు నేర్యే, ఎటో చూస్తూ.

"నిన్నటిదాకా నీ మోకాళ్లకేగా! ఇప్పుడు గోడక్కూడానా? జరుగు."

తారు కడిగితే పోదు. తందూరు పగుళ్ల కోసం మేక వెంట్రుకలు కలిపి తొక్కిన మట్టి దుకాణంలో ఉంది. తట్టతో మోసుకొచ్చాడు. రొట్టెను తందూరుకు చరిచినట్టే గోడకు చరిచాడు. పక్కింటి ఓయ్‌నిసా వేడినీళ్లు తెచ్చింది.

"అన్నా, అక్కడ పిండి పొంగిపోతుంటే ఇక్కడ గోడకి రొట్టెలు వేస్తున్నావా?"

"పులిస్తే మీ ఆయనకి పంపిస్తాలే. నీ వంట తినేవాడు దేన్నైనా తింటాడు."

మసీదు నుంచి తిరిగి వస్తున్నవాళ్లు ఆగారు. చొక్కా చేతులు మడిచి మట్టి అందుకున్నారు. ప్రార్థనకు వచ్చే ముసలివాళ్లు మలుపు తిరిగేసరికి గోడంతా తడి మట్టి.

"ఏమైందయ్యా?" అన్నారు.

"పెచ్చులూడింది," అన్నాడు ఇస్తామ్, రొప్పుతూ.

లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించి, అగ్గిపెట్టె గట్టు మీద పెట్టాడు. మంట నిలిచేదాకా పక్కనే కూర్చోవడం అలవాటు. ప్రార్థన అయ్యాక నేర్యే వచ్చి, "గది వెచ్చబడింది, లేవరా ఇంక," అన్నాడు. ఇస్తామ్ లేవలేదు.

ఆ మధ్యాహ్నమే అతన్ని మట్టి చేశారు. పదిమందీ పాడె వెనక నడిచారు.

మరుసటి శనివారం కూడా పదిమందీ వచ్చారు. గోడ మీద కొత్త మట్టి ఆరి కాస్త ఎర్రగా ఉంది.

"చల్లగా ఉంది," అన్నాడు నేర్యే, తలుపువైపు తిరిగి.

పొయ్యి గట్టు మీద, వారమంతా ఎవరూ కదపని అగ్గిపెట్టె. దాని మీద ఎండిన తందూరు మట్టి, ఒక బొటనవేలి ముద్ర.