టపాలక్క సొంత వంటిల్లు

ఆ వీధిలో ఆవిడని అందరూ నర్సమ్మ అనే పిలుస్తారు. ఆస్పత్రి ఉద్యోగం మానేసి రెండేళ్ళయినా ఆ పిలుపు మాత్రం ఆగలేదు. ఎవరి పిల్లకి జ్వరమొచ్చినా, ఎవరి మోకాలు వాచినా ఆవిడ తలుపే తడతారు. అలాంటి మనిషి, తోడబుట్టిన అక్కకే చూపు పోతే ఊరుకుంటుందా? అరచేతుల్లో పెట్టుకుని చూసింది.

అక్క ఆరేళ్ళు పెద్ద. పెద్ద పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు ఉత్తరాలు విడదీసి గళ్ళలో వేసిన మనిషి. అందుకే చుట్టాలందరికీ ఆవిడ టపాలక్క. డెబ్బై దాటాక రెండు కళ్ళకీ నడిమి చూపు పోయింది. పక్కలు కనిపిస్తాయి గాని, సూటిగా చూసిన చోట బూడిదరంగు మరక. ఎదుటి మనిషికి భుజాలుంటాయి, ముఖం ఉండదు. ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటూ ఒకరోజు సలసల కాగే నీళ్ళు కాలి మీద ఒంపుకుంది. పుండు మానేదాకా అని నర్సమ్మ తనింటికి తెచ్చుకుంది. పుండు నెలకల్లా మానింది. ఎనిమిది నెలలైనా టపాలక్క మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఉండిపోయింది అనడం కన్నా కూర్చుండిపోయింది అనడం నిజం. మంచినీళ్ళు చేతికి వచ్చేవి. అన్నం కలిపి వచ్చేది. దువ్వెన కూడా నర్సమ్మ చేతిలోనే ఉండేది. మొదట్లో "నేను చేసుకుంటాలేవే" అనేది టపాలక్క. తర్వాత అనడం మానేసింది. ఆ తర్వాత కుర్చీలోంచి లేవడమే మానేసింది. అక్క ప్రాణానికి హాయిగా ఉందనుకుంది నర్సమ్మ.

కంటి డాక్టరు ఉన్నమాట చెప్పేశాడు. "పోయిన చూపు తెచ్చే మందు నా దగ్గర లేదమ్మా. మిగిలిన చూపుతో పనులు చేసుకోవడం నేర్పే మనిషి ఉన్నాడు. పంపిస్తాను."

వచ్చినాయనకి యాభై ఏళ్ళుంటాయి. పిల్లలకి పాఠాలు చెప్పే మనిషిలా ఉన్నాడని ఇద్దరూ ఆయన్ని మాస్టారూ అనేశారు. కూర్చోగానే "కాస్త టీ ఇప్పిస్తారా?" అన్నాడు. నర్సమ్మ లేచింది.

"మీరు కాదండీ. పెద్దావిడని అడిగాను."

"అయ్యో, ఆవిడకి కనపడదు కదండీ! అందుకే కదా మీరొచ్చింది?"

"అందుకే అడిగాను."

టపాలక్క గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె దొరికింది, చక్కెర డబ్బా దొరకలేదు, పాలు సగం గట్టు మీద పోయాయి. నర్సమ్మకి ప్రాణం గిలగిల్లాడింది. మూడుసార్లు లేచింది. మూడోసారి మాస్టారు "ఆ చేతుల మీద కూర్చోండమ్మా" అన్నాడు. హాస్యానికి కాదు, నిజంగానే అన్నాడు. రోగులనీ డాక్టర్లనీ గడగడలాడించిన నర్సమ్మ, చిన్నపిల్లలా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆ టీలో చక్కెర లేదు. మాస్టారు ఆఖరి చుక్క దాకా తాగాడు.

అప్పట్నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. పొయ్యి మీట మీద 'సన్నమంట' దగ్గర చేతికి తగిలేలా ఒక బొడిపె అంటించాడు. తెల్లకప్పులో పాలు కనపడవని నల్లకప్పు తెప్పించాడు. గుమ్మం మెట్టు అంచుకి పసుపురంగు పట్టీ వేశాడు. నీళ్ళు పోస్తుంటే చప్పుడు ఎలా సన్నబడుతుందో చెవితో పట్టుకోవడం నేర్పాడు. అన్నిటికన్నా వింత, మనిషి ముఖం చూడాలంటే చెవి వైపు చూడాలన్నాడు. పక్కచూపులో ముఖం పడుతుందట.

టపాలక్క చెల్లెలి చెవి వైపు చూసి, కాసేపు ఆగి, "ఏమే, ఇంత ముసలిదానివైపోయావేంటే!" అంది. ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్ళు కలిసి నవ్వడం అదే మొదలు.

వంటింటి అలమరని మాత్రం టపాలక్క తనే సర్దుకుంది. పై వరసలో ఎడమ నుంచి టీపొడి, చక్కెర, ఉప్పు. కింది వరసలో పప్పులు. "ఇవి నా గళ్ళు. కళ్ళు మూసుకుని వేసేదాన్ని ఉత్తరాలు" అంది. కుర్చీలో కూర్చోవడం తగ్గింది. ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం టపాలక్క స్నానానికి వెళ్ళినప్పుడు నర్సమ్మ చెయ్యి ఊరుకోలేదు. అలమరంతా దులిపి, తుడిచి, పెద్ద డబ్బాలు వెనక్కి, చిన్నవి ముందుకి అందంగా పేర్చింది. మంచిపనే అనుకుంది. సాయంత్రం మాస్టారొచ్చాడు. టపాలక్క ఎవరినీ అడగకుండా టీ పెట్టి, ఒక్క చుక్క ఒలకకుండా తెచ్చి ఇచ్చింది. మాస్టారు గుక్క తాగి ఆగిపోయాడు. టపాలక్క తన కప్పు నోట పెట్టుకుంది. ఉప్పు.

"నా గళ్ళలో చెయ్యెవరు పెట్టారు?"

"దుమ్ము పట్టిందని అక్కా, కాస్త..."

"ముప్పై ఏళ్ళు పెద్ద ఆఫీసరు కూడా నా గళ్ళ జోలికి రాలేదే!" టపాలక్క కప్పు పక్కకి నెట్టింది. "నేను మా ఇంటికి పోతాను."

నర్సమ్మ అక్క ముందుకొచ్చి నిలబడింది. "నేనేం తక్కువ చేశానక్కా నీకు?"

"తక్కువ కాదే పిచ్చిదానా, ఎక్కువ చేశావు. నాకు పోయింది కళ్ళు. నువ్వు కాళ్ళూ చేతులూ కూడా తీసేసుకున్నావు."

నర్సమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "మరి నేనేం చెయ్యాలి? పొద్దున్న లేస్తే నాకు వేరే పనేముంది?" అంది. అక్కతో చెప్పడానికన్నా ముందు ఆ మాట తనతో తనే చెప్పుకున్నట్టుంది. ఉద్యోగం మానేశాక ఖాళీ అయిన చేతులకి అక్క దొరికింది. అంతే. అది తెలిసి ఆవిడకి సిగ్గేసింది.

టపాలక్క చెల్లెలి చెవి వైపు చూసి, చెయ్యి చాచి, ఆ చేతిని పట్టుకుంది.

ఇంకో నెల శిక్షణ అయ్యాక టపాలక్క తన ఫ్లాట్‌కి వెళ్ళింది. అది రెండు వీధుల అవతల. మాస్టారితో కలిసి తెల్లకర్రతో ఆ దారి పదకొండుసార్లు నడిచింది. మొదటి వారం నర్సమ్మ రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. రెండో వారం టపాలక్కే "రోజుకొక్కసారి చాలు. పనిలో ఉంటాను" అంది. నర్సమ్మకి ఉక్రోషమూ వచ్చింది, సంతోషమూ వేసింది.

నర్సమ్మ చేతులు మళ్ళీ ఖాళీ అవడం మాస్టారి కంటపడనే పడింది. ఇప్పుడు ప్రతి మంగళవారం కంటి ఆస్పత్రి వెనక గదిలో, చూపు తగ్గిన పెద్దవాళ్ళ కొడుకులకీ కోడళ్ళకీ నర్సమ్మ పాఠం చెబుతుంది. ఎంతవరకు చెయ్యాలి, ఎక్కడ ఆగాలి అన్నదే పాఠం. "నేను చేసిన తప్పులన్నీ వరసగా చెబుతాను, రాసుకోండి" అని మొదలుపెడుతుంది.

మొన్న టపాలక్క భోజనానికి పిలిచింది. తనే కూర తరిగింది, తనే వండింది, తనే వడ్డించింది. వడ్డించి, చెల్లెలి చెవి వైపు గుచ్చి గుచ్చి చూస్తూ అడిగింది.

"ఎలా ఉందే? నిజం చెప్పు."

నర్సమ్మ నమిలింది. "కొంచెం మాడిందక్కా."

"మాడిందా?" టపాలక్క ముఖం వెలిగిపోయింది. "నేనే మాడ్చాను. ఇంకాస్త వేసుకో."