మల్లెకు పెట్టిన బెట్ట

సీతారత్నం కనకాంబరాలకు లోకంలో ఏ లోటూ లేదు, వాసన తప్ప. ఆ ఒక్క లోటే ఆమె కొంప ముంచింది.

నల్లరేగడి నేలలో అవి బతకవని ఎవరో అంటే, బండెడు ఎర్రమట్టి తెప్పించి, నూతి పక్కన జామచెట్టు నీడలో పెంచింది వాటిని. కనకాంబరం నాజూకు రకం. ఎండ ముదిరితే తల వాల్చేస్తుంది, తడి ఆరితే అలుగుతుంది, నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళి ఊరుకుంటుంది. పూటకో చెంబు, అంతే. పోసినందుకు ఏడాది పొడుగునా పూస్తుంది. కోసి దండ కడితే మూడు రోజులైనా కందదు.

"మల్లెదేముందీ? సాయంత్రం పెళ్ళికూతురు, తెల్లారేసరికి ముసలమ్మ" అని సీతారత్నం అంటూ ఉండేది. ఆ మాట గోడ అవతలికి వినపడాలనే అనేది.

గోడ అవతల రాజ్యం ఉంది. మిరప రైతు అంకమ్మరావు భార్య, ఇద్దరు మగపిల్లల తల్లి, గొంతు విప్పితే వీధి చివర దాకా వినిపించే మనిషి. ఆవిడ పెరట్లో నడి ఎండలో ఒక మల్లెపొద ఉంది. రాజ్యం దానికి పొద్దున ఒక బక్కెట్టు, సాయంత్రం ఒక బక్కెట్టు, మధ్యలో బియ్యం కడిగిన నీళ్ళు పోసి సాకేది. అది గోడెత్తు పెరిగింది. ఆకు చూస్తే అడవి. పూలు చూస్తే, వేసవి మొత్తం మీద రోజుకు గుప్పెడు.

ఆ గుప్పెడు మల్లెల కోసం సీతారత్నం కూతురు త్రిపుర పరుగెత్తేది. పదమూడేళ్ళ పిల్ల. ఇంట్లో సజ్జనిండా కనకాంబరాలుంటే వాటి వంక చూడకుండా, "పిన్నీ, ఇవాళ ఎన్ని పూశాయి?" అంటూ గోడ దూకేది. అటువైపు ఒకటే నవ్వులు. ఇటు సీతారత్నం చేతిలో దండ చేతిలోనే ఉండిపోయేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? పోనీ తిండి విషయమైతే ఓర్చుకోవచ్చు. ఇది కన్నకూతురి సంగతి.

ఎనభై మూడులో, మాఘమాసం మొదట్లో, త్రిపుర బాంబు పేల్చింది.

"అమ్మా, వేసవి సెలవుల్లో నేను పూలజడ వేయించుకుంటాను. చీరాల వెళ్ళి అద్దం ముందు నిలబడి ఫోటో దిగాలి."

"దానికేం, మన కనకాంబరాలతో ఎంత జడ కావాలంటే అంత వేస్తాను."

"అబ్బ, కనకాంబరాలతో ఎవరేస్తారమ్మా? మల్లెమొగ్గలు కావాలి. పిన్ని వాళ్ళింట్లో వేయించుకుంటాను."

"ఫోటోలో వాసన పడుతుందటే? రంగు కావాలి గానీ."

"నలుపు తెలుపు ఫోటోలో రంగు మాత్రం పడుతుందా?"

సీతారత్నం భర్త, హైస్కూలు మాస్టారు గురునాథం గారు పేపరు వెనక నుంచి నవ్వారు. సీతారత్నానికి ఒళ్ళు మండిపోయింది. కూతురి మొదటి పూలజడ! ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ దాని తల దువ్వింది తను. పేలు తీసింది తను. తీరా పూలు ముడిచే రోజుకు పక్కింటావిడ ముందు కూర్చుంటుందా?

ఆ వారమే రాజ్యం తల్లికి జబ్బు చేసిందని కనిగిరి నుంచి కబురొచ్చింది. రాజ్యం సంచీ సర్దుకుని గోడ దగ్గరకొచ్చింది.

"అక్కయ్యగారూ, ఎన్నాళ్ళవుద్దో తెలవదు. మా ఆయన కళ్ళంలో మిరగాయల కాడే పడుంటాడు, పిల్లలూ ఆడే. నా మల్లెకి కాసిని నీళ్ళు పొయ్యరూ? అది నీళ్ళు లేకపోతే బతకదండీ."

"అంతగా చెప్పాలా రాజ్యం? నువ్వెళ్ళిరా" అంది సీతారత్నం. అన్నప్పుడు మనసులో ఏ పాపమూ లేదు. బస్సు వెళ్ళాక వచ్చింది.

పొద్దున్నే బక్కెట్టు తోడి, త్రిపుర చూస్తుండగా గోడ దాకా మోసేది. పిల్ల బడికి పోగానే వెనక్కి తెచ్చి తన కనకాంబరాలకు కుమ్మరించేది. సాయంత్రం పిల్ల ఆటలకు పోయాకా అంతే. వారానికి మల్లె ఆకులు వాలాయి. రెండో వారం వెనక వీధి జానీబీ మేక తడిక తోసుకుని దూరింది. సీతారత్నం గోడ మీద మోచేతులు ఆన్చి చూస్తూ నిలబడింది. "హేయ్" అనలేదు. కనీసం చెయ్యి ఊపలేదు. మేక కడుపునిండా మేసింది. సీతారత్నానికీ కడుపు నిండినట్టే అయింది.

ఇరవై రోజులకు మల్లె స్థానంలో పుల్లల కట్ట మిగిలింది. ఆమె సంబరం మీద నీళ్ళు చల్లింది మల్లె కాదు, కనకాంబరం. రోజుకు రెండు బక్కెట్లు తాగి తాగి పాదుల్లో నీరు ఇంకడం మానేసింది. మొదళ్ళు నల్లబడి, ఒకటొకటే పట్టుకుంటే ఊడి చేతికొచ్చాయి.

తల్లికి నెమ్మదించి రాజ్యం తిరిగొచ్చిన రోజు సీతారత్నం గోడ దగ్గరే నిలబడింది. మొక్కను చూసి రాజ్యం గొల్లుమంది. కళ్ళం నుంచి అన్నానికొచ్చిన అంకమ్మరావు మాత్రం పొద చుట్టూ తిరిగి పెద్దగా నవ్వాడు.

"ఏడుస్తావేందే పిచ్చిదానా? మూడేళ్ళ నుంచీ మొత్తుకుంటన్నా, దీనికి బెట్ట పెట్టవే అని. నీళ్ళు మానేసి ఎండగట్టి, ఆకు దూసేస్తేనే మల్లె మొగ్గ తొడిగేది. నీ చేత్తో అవలేదు. అక్కయ్యగారు చేశారు చూడు, సేద్యం తెలిసిన మనిషి! ఇయ్యాల నుంచి నీళ్ళు పెట్టు."

 పక్కనే ఉన్న త్రిపుర తల్లి వైపు కొత్తగా చూసింది. "అమ్మా, నీకు ఇవన్నీ తెలుసా!" ఆ చూపు కోసం ఎన్నేళ్ళ నుంచి కాచుకుని ఉందో సీతారత్నానికే తెలుసు. తీరా వచ్చాక అది ముల్లై గుచ్చుకుంది.

చైత్రం వచ్చేసరికి మల్లె విరగబూసింది. పుల్ల పుల్లకూ మొగ్గలే. పూలజడ రోజున రాజ్యం బేసిన్‌కు బేసిన్ నింపుకుని సీతారత్నం వసారాలో దించింది. త్రిపుర తలంటు పోసుకుంటోంది.

"అక్కయ్యగారూ, వచ్చే ఏడు కూడా మీరే బెట్ట పెట్టాలి."

ఇక ఆగలేకపోయింది సీతారత్నం. "నేను బెట్ట పెట్టలేదు రాజ్యం. అది చావాలని నీళ్ళు మానేశాను. నీ మీద కుళ్ళుతో."

"తెలుసండీ" అంది రాజ్యం, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో. "జానీబీ చెప్పింది, మేక మేస్తంటే మీరు చూస్తా నుంచున్నారని. వారం రోజులు మీ మీద పళ్ళు నూరుకున్నా."

"మరి త్రిపుర ముందు ఒక్కమాటా అనలేదేం?"

"పిల్ల ముందు తల్లిని పలచన చేస్తామా అండీ? అయినా పిల్ల మా ఇంటికొచ్చినప్పుడల్లా మీ మొహం నాకు కనపడదా? ఆడపిల్ల లేని ఆశకొద్దీ చూసీ చూడనట్టు ఊరుకున్నా. నాదీ తప్పే."

కొంగు ముడి విప్పి కనకాంబరాలు పోసింది. సీతారత్నం ఒక పువ్వు తీసి తిప్పి చూసింది. "ఇవెక్కడివి?"

"మీయేనండీ. నిరుడు కాయలు చిట్లి గింజలు మా వైపు పడి మొలిచినయ్యి. మధ్య మధ్యన ఎర్రటివి లేకపోతే జడ అందమేముంది? కానియ్యండి, కూచోబెట్టి కుట్టండి. మీరు కుడతారనేగా తెచ్చా. మగపిల్లల తల్లిని, నాకు మామూలు జడే సరిగ్గా రాదు."

జడ కుట్టడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ త్రిపుర ఎదురుగా కూర్చున్న రాజ్యంతోనే కబుర్లు చెప్పింది, నవ్వింది. సీతారత్నానికి ఆ పిల్ల వీపు తప్ప ఏమీ కనపడలేదు. కుళ్ళు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది. ఒకసారి జడ గట్టిగానే లాగింది కూడా.

"అబ్బా! అమ్మా, మెల్లిగా" అంది త్రిపుర.

"కదలకు మరి" అని, సీతారత్నం ఇంకో మొగ్గ అందుకుంది.