పుస్తకంలో లేనిది

పిండి డబ్బాకు ఆనించిన అర్థశాస్త్రం పుస్తకం మీద జొన్నపిండి పడకుండా చూసుకోవడం కమలాక్షికి బాగా అలవాటైపోయింది. రెండు చేతులతో రొట్టె తట్టడం, మోచేత్తో పేజీ తిప్పడం, నోటితో పైకి చదవడం, మూడూ ఒకేసారి. వసారాలో నులక మంచం మీద ఆమె భర్త ఓబులేసు కళ్లు మూసుకుని వింటుంటాడు. నిద్రపోయాడేమోనని ఆమె ఆపితే చాలు, "ఊఁ, కానీ" అంటాడు. మహానుభావుడు, నిద్రపోలేదన్నమాట.

"నేను చదివితే అక్షరాలు కంట్లో నిలవవు మే. నువ్వు చదివితే చెవిలో పడి ఆడ్నే ఉంటాయి" అన్నాడు ఇంటర్మీడియట్‌లో చేరిన వారానికే. ఆ మాటకు ఆమె మురిసిపోయింది కూడా. ఇంటర్మీడియట్ అయింది, బి.ఏ. ఆఖరి ఏడు వచ్చింది, ఆ చెవి మాత్రం అక్కడే ఉంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడే వాళ్ల పెళ్లయింది. ఎస్సెల్సీ ఫస్టుక్లాసులో పాసైన పిల్ల, ఇంకా చదువుకోవాలంటోందని ఆమె నాయన ఆళ్లగడ్డలో పెళ్లిమాటలప్పుడే చెప్పాడు. "చదివిస్తాం, యాల చదివించం? ముందు మావోని చదువు కానీప్పా" అంది అత్త రామలక్ష్మమ్మ. నంద్యాలలో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. అతను కాలేజీకి పోయాడు. ఆమె నీళ్లకూ, విసుర్రాయి దగ్గరికీ, పొయ్యి దగ్గరికీ పోయింది.

దిగులు లేదా అంటే ఎందుకుండదు? అయితే దిగులు పక్కనే ఒక కల కూడా ఉండేది. చదువుతూ చదువుతూ ఉంటే గొంతు దాని పాటికది నడిచేది, మనసు లేచి వెళ్లిపోయేది. తెల్లటి నేతచీర, చంకలో పుస్తకాలు, పేరు తెలియని ఏదో ఊళ్లో కాలేజీ, పొడుగాటి వసారా. వసారా చివర ఒక గది. గదిలో ముప్పైమంది ఆడపిల్లలు గబగబా లేచి నిలబడతారు. కిటికీలోంచి నల్లమల కొండలు, ఆళ్లగడ్డలో మిద్దెక్కితే కనిపించినంత నీలంగా. "కూర్చోండమ్మా" అందామనుకునేసరికి రొట్టె మాడిన వాసన వచ్చేది. పాపం, ఆ పిల్లలు అలా నిలబడే ఉండిపోయేవాళ్లు.

పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. ఒక వాక్యం చదివి తెలుగులో అర్థం చెప్పేది. అది మరీ ఎండుగా అనిపిస్తే, ఆ పిల్లలకు చెబుతున్నట్టు తన మాట ఒకటి చేర్చేది. పుస్తకం ఎక్కడ ఆగిందో, కమలాక్షి ఎక్కడ మొదలైందో ఓబులేసుకు తెలిసేది కాదు. కళ్లు మూసుకున్నవాడికి ఎట్లా తెలుస్తుంది?

ఒకరోజు శ్రమ గురించిన పాఠం వచ్చింది. కూలి తీసుకుని చేసేదే శ్రమ, ఇంటి ఆడవాళ్లు ఇంట్లో చేసేది ఆ కిందికి రాదు అని ఉంది. కమలాక్షికి ఒళ్లు మండింది. అయినా గొంతు మార్చకుండా, పాఠం చదివినట్టే చెప్పింది: "ఒకే ఆడమనిషి సోమవారం పక్కవాళ్ల చేలో పత్తి ఏరితే శ్రమ, మంగళవారం సొంత చేలో ఏరితే కాదు. పత్తికి మాత్రం ఆ తేడా తెలియదు. వేళ్లు రెండు రోజులూ ఒకే తీరుగా గీరుకుపోతాయి. కనుక తప్పు ఆమె పనిలో లేదు, శ్రమ అనే మాటకు మనం ఇచ్చుకున్న అర్థంలో ఉంది." ఓబులేసు "ఊఁ" అన్నాడు. ఆమె రొట్టె తిరగేసింది.

ఆ తరువాత కొన్నాళ్లకు పక్కింటి సలోమి ఒక కాగితం తెచ్చింది. సలోమి మిషన్ బడిలో టీచరు.

"ఆడోళ్లు కాలేజీకి పోకుండానే ఇంటర్మీడియట్ రాయొచ్చంట కమలా. ఇదో దరఖాస్తు. శనివారం పన్నెండుకు టపా కట్టేలోపల పోస్టులో పడాల."

"మొగుని సంతకం అడగలేదా అక్కా?"

"లేదు. నాకూ నమ్మకం లేక మూడుసార్లు చదివినా."

కమలాక్షి ఆ రాత్రే దాన్ని నింపేసింది. భర్తతో చెప్పకుండా పంపడానికి మాత్రం మనసొప్పలేదు.

శుక్రవారం ఊరి నుంచి అత్త రామలక్ష్మమ్మ జొన్నల మూటతో ఆళ్లగడ్డ బస్సు దిగింది. సాయంత్రం ఓబులేసు కాలేజీ నుంచి గెంతుతూ వచ్చాడు. పెద్ద పరీక్షలకు ముందు కాలేజీలో పెట్టే సెలక్షను పరీక్షలో అతను రాసిన జవాబును లెక్చరరు క్లాసందరికీ చదివి వినిపించాడట.

"పత్తి ఏరే ఆడమనిషి గురించి రాసినా అమ్మా! ఏ పుస్తకంలోదిరా అన్న్యాడు సారు. సొంతంగా ఆలోచించినా సార్ అన్న్యా."

"నా బంగారే!" అని తల్లి మెటికలు విరిచింది.

వంటింట్లో కమలాక్షి చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ముందు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేం. తన మాటను ఒక లెక్చరరు గట్టిగా చదివాడు, అరవైమంది విన్నారు! ఆ సంతోషం వెనకే 'సొంతంగా ఆలోచించినా' అన్న అతని మాట ముల్లులా గుచ్చుకుంది. గిన్నె దించి బయటికొచ్చింది.

"అది నేను చెప్పిన మాట."

"నువ్వు చదివినావు. పుస్తకంలో ఉండె."

"లేదు. చూడు."

ఓబులేసు నవ్వుతూనే పుస్తకం తీశాడు. పాఠం వెతికాడు. వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు, మళ్లీ చదివాడు. నవ్వు పోయింది. పుస్తకం మూసి, "సరేలే, నీదైతే ఏంది, నాదైతే ఏంది. ఇద్దరమూ ఒకటే గదా" అన్నాడు.

"ఒకటే అయితే నా దరఖాస్తు రేపు పోస్టులో వేసిరా" అంది కమలాక్షి, కాగితం చూపించి.

అతను దాన్ని చేత్తో కూడా తాకలేదు. "వచ్చే ఏడు చూస్తాం. పరీక్షలు నెత్తిమీదుంటే నువ్వు నీ చదువు పెట్టుకుంటే నాకెవరు చెబుతారు?"

"ఇంటి కోడలికి పరీక్షలేంది మే! వానికి చదివిపెట్టు, ఆ పుణ్యమే చాల్లే" అంది రామలక్ష్మమ్మ. కోపంగా కూడా కాదు, చాలా మామూలుగా అంది.

శనివారం పొద్దున రొట్టెలు తట్టడం అయ్యాక కమలాక్షి చేతులు కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుంది. ఓబులేసు మంచం మీద వాలి "ఊఁ, కానీ" అన్నాడు. ఆమె గుమ్మంలో నిలబడే పుస్తకం తెరిచింది. ఒక వాక్యం చదివి అర్థం చెప్పింది. ఇంకో వాక్యం, దాని అర్థం. అలా పాఠం చివరిదాకా వెళ్లి పుస్తకం మూసింది.

ఓబులేసు ఎదురుచూశాడు. చూసి చూసి కళ్లు తెరిచాడు.

"ఆపితివేం? తర్వాత?"

"పుస్తకంలో ఉండేది అంతే" అని దాన్ని అతని పక్కన పెట్టి, దరఖాస్తు తీసుకుని ఆమె మెట్లు దిగింది.

"మే, యాడికి పోతాండావ్? మిగతాది?"

కమలాక్షి వెనక్కి తిరిగింది. ఆమె మొహంలో కోపం లేదు.

"మిగతాది నా పరీక్షలో రాసుకుంటా."