తొట్టి మీద ఎర్ర జెండా

మూత తీయగానే ఈగలు ముఖం మీదికి లేచాయి. ఆ వెనకే కంపు వచ్చింది. నేను పుట్టింది, మెట్టింది మైపాడులోనే. చేపల మధ్య యాభై ఎనిమిదేళ్ళు బతికాను. కంపుకు వెనక్కి తగ్గే ముక్కు కాదు నాది. ఆ రోజు మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

తొట్టి అడుగున కానాగంత చేపలు ఉప్పులో బిగుసుకుని బాగానే ఉన్నాయి. పై రెండు వరసలకు ఉప్పు పడలేదు. అవి మెత్తబడి, పొట్టలు పగిలి, బూడిద రంగు నీళ్ళలో నానుతున్నాయి. నీళ్ళ మీద తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. అన్నం మెతుకులు కదిలినట్టు అనిపించింది. ఆ పోలిక తట్టినందుకు ఆ పూట నాకు అన్నం సహించలేదు.

"స్వర్ణా!" అని అరిచాను.

నా కోడలు వంటింట్లోంచి వచ్చింది. తొట్టిలోకి చూసి నోటి మీద చేయి పెట్టుకుంది.

"అంతా ఉప్పేసినాననుకున్నా అత్తా."

"అనుకున్నావా? నాలుగు దినాలాయె మే ఇవి పెట్టి. మధ్యలో ఒక్కసారన్నా మూత తీసి చూసినావా?"

"ఉప్పేస్తా ఉంటే కామాక్షి యూనిఫాం గుర్తొచ్చింది. నానబెట్టినా కదా, పిండేద్దామని పోయినా. ఆడ దండెం తెగి ఉన్నింది. తాడు కోసం కొట్టంలోకి పోయినా. కొట్టంలో..." ఆగింది. "మళ్ళా వచ్చి మూతేసినా."

నా మనవరాలి యూనిఫాం పిండిందా అని అడగలేదు. బకెట్టు దగ్గరికి పోయి చూశాను. అది కూడా నాలుగు రోజులుగా అలాగే ఉంది. నీళ్ళ మీద జిగురు తేలుతోంది. ఎత్తితే పులిసిన కుడితి వాసన.

ముప్పై ఆరేళ్ళ మనిషి. పులికాటు సరస్సు ఒడ్డున ఒక ఊరి పిల్ల. పన్నెండేళ్ళ నుంచి నా ఇంట్లో ఇదే వరస. దోసెల పిండి పొంగి పొయ్యి గట్టు మీద పొరలు కట్టి ఉంటుంది. పాప టిఫిను డబ్బా సంచిలోనే ఉండిపోయి బూజు పడుతుంది. తడి తువ్వాలు మంచం మీద ఉంటుంది, దాని కింద పరుపు ముక్కిపోతూ ఉంటుంది. చెప్తే గబగబా కడుగుతుంది, ఏడుస్తుంది, మళ్ళీ అంతే. నా కొడుకు సుధాకర్ కొట్టే మనిషి కాదు కానీ, చాలా రోజులుగా దానితో సరిగ్గా మాట్లాడటం మానేశాడు.

ఆ కంపు గోడ దాటింది. పక్కింటి రోజారమణి గోడ మీదుగా తల పెట్టింది.

"ఏందక్కా, మీ ఇంట్లో ఏమన్నా చచ్చిందా?"

"ఏం లేదులే మ్మే."

"ఈ సంవత్సరం గంగమ్మ పొంగలి మీదే కదా వంతు. ఆ చేత్తోనేనా?" అని ముక్కు మూసుకుని నవ్వింది.

వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. పడవలు ఒడ్డు మీదే ఉంటాయి. నిషేధం తీరి మళ్ళీ సముద్రం మీదికి పోయే నాడు మా పేటలో గంగమ్మ తల్లికి పొంగలి పెడతాం. ఏటా ఒక ఇంటి వంతు. ఆ ఇంటి కోడలు ఉపవాసం ఉండి ఒక్కతే వండాలి, కుండ మీద ఇంకొకరి చేయి పడకూడదు. ఆ పొంగలే ముందు తల్లికి, తర్వాత ప్రతి పడవ ముక్కుకూ అద్దుతారు. పాలు పొంగకపోయినా, కుండ మాడినా ఆ ఏడాది వేటలో ఏ కష్టం వచ్చినా ఆ కోడలి పేరే చెప్తారు. మా వంతు వచ్చి పదకొండేళ్ళయింది. అప్పటికి స్వర్ణ కొత్త కోడలు, కామాక్షి ఇంకా కడుపున పడలేదు. పెద్దరికం నాదే కాబట్టి నేనే వండాను. ఈసారి దానిది.

ఆ సాయంత్రం సుధాకర్‌తో చెప్పేశాను. "పొంగలి దీంతో వద్దు రా. జువ్వలదిన్నెలో ఉన్న మీ అక్కను పిలుద్దాం. కోడలికి కుదరకపోతే ఆడబిడ్డ చేయొచ్చు."

"నీ ఇష్టం మా," అన్నాడు.

స్వర్ణ గుమ్మంలో నిలబడి విన్నది. పెరట్లోకి పోయి చేతులు కడుక్కోవడం మొదలు పెట్టింది. నేను దీపం పెట్టి, నామాలు చదివి లేచే దాకా ఆ నీళ్ళ చప్పుడు ఆగలేదు.

వారం తర్వాత బడి నుంచి కబురు వచ్చింది. కామాక్షి నాలుగో తరగతి. అల్లరి చేయదనీ, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుందనీ, చెప్పింది చెవికెక్కదనీ, పెన్సిళ్ళ పెట్టెలు ఈ ఏడాది ఆరు పోగొట్టిందనీ టీచరమ్మ చెప్పింది. నెల్లూరులో పిల్లల మనసు సంగతులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపొమ్మన్నది. స్వర్ణ ఒక్కతే పోతే ఆ చీటీ ఎక్కడో పెట్టి వస్తుందని నేనూ బయల్దేరాను. అనుకున్నట్టే బస్సులో సీటు మీద చీటీ వదిలి దిగింది. నేను తీసుకున్నాను. ఆ చీటీకి కూడా ఎండు చేప వాసన పట్టినట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండు వేళ్ళ మీద నాకు కోపం వస్తుంది.

డాక్టరమ్మ పాపను గురించి ఒక్కొక్కటే అడుగుతోంది. పని మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తుందా? వస్తువులు ఎక్కడ పెట్టిందో మరిచిపోతుందా? ఎదురుగా మాట్లాడుతుంటే మనసు ఎటో పోతుందా? స్వర్ణ "అవునమ్మా" అంటూనే ఉంది. ఐదో ప్రశ్నకో ఆరో ప్రశ్నకో దాని గొంతు మారింది.

"మీరు పాప గురించే అడగతన్నారా అమ్మా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మీకూ ఇలాగే ఉంటుందా?"

"చిన్నప్పటి నుంచీ. మా అమ్మ నన్ను మొద్దు అనేది."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఇంట్లో ఎలా ఉంటుందమ్మా మీ కోడలు?"

నాకు అడిగే మనిషి దొరికింది. తొట్టి దగ్గర మొదలుపెట్టాను. పురుగులు, బకెట్టు, బూజు, తువ్వాలు, ఏదీ వదల్లేదు. చెప్పే కొద్దీ నా ముఖం వంకర పోతోందని నాకే తెలుస్తోంది. స్వర్ణ రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"చేతులు చూపించండి," అన్నది డాక్టరమ్మ.

చూపించింది. వేళ్ళ సందుల్లో చర్మం లేచి ఎర్రగా ఉంది.

"తోముతానే ఉంటా డాక్టరమ్మా. పోదు. నాకు నేనే కంపు కొడతన్నా."

ఆ మాట దానికి నేర్పింది ఎవరు?

అయినా ఒక సందేహం అడిగాను. "వల బాగు చేయడానికి కూర్చుంటే తిండి కూడా మరిచిపోయి కదలకుండా చేస్తది కదమ్మా. అప్పుడు యాడ నుంచి వస్తది ధ్యాస?"

"అది కూడా ఇందులో భాగమేనమ్మా. ధ్యాస లేక కాదు. దాన్ని కావలసిన పని మీదికి తిప్పడం, అక్కడి నుంచి మళ్ళీ తీయడం ఈమెకు కష్టం. దీన్ని ఏడీహెచ్‌డీ అంటాం. మెదడు తీరే అలా ఉంటుంది, పుట్టుకతో వస్తుంది. గెంతే మగపిల్లలనైతే బడిలోనే పట్టుకుంటారు. ఆడపిల్లలు మెదలకుండా కూర్చుని పరధ్యానంలో ఉంటారు. బద్ధకం, శుభ్రం లేదు అనిపించుకుంటూ పెరిగి పెద్దవుతారు. చాలామంది తల్లులకు పిల్లల్ని ఇక్కడికి తెచ్చాకే తెలుస్తుంది." అయినా ఒక్క రోజులో తేల్చనని చెప్పింది. రక్తపరీక్ష రాసింది, నిద్ర గురించి, దిగులు గురించి అడిగింది. స్వర్ణ చిన్నప్పటి సంగతులు వాళ్ళమ్మను తనే ఫోనులో అడిగింది. మూడోసారి పోయినప్పుడు తల్లీబిడ్డలిద్దరికీ అదేనని చెప్పి, స్వర్ణకు మాత్ర రాసింది. మాత్రతో పాటు పద్ధతులు కూడా కావాలన్నది. సగంలో ఉన్న పని కంటికి ఎదురుగా ఉండాలి, మూత కింద దాక్కోకూడదు. కష్టమైన పని చేసేటప్పుడు పక్కన ఒక మనిషి ఊరికే కూర్చున్నా మేలే.

"పిచ్చి మాత్రలా?" అన్నాడు సుధాకర్.

"నీకు బీపీ మాత్ర రాస్తే పిచ్చి మాత్రన్నామా?" అన్నాను. అన్నాను గానీ నా మనసులోనూ ఆ మాట ఉంది.

ముందు ఫోనులో అలారాలు పెట్టుకుంది. పొద్దున్నుంచి ఇల్లంతా ఒకటే మోత. ఒకసారి మోగితే ఆపి, ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఏందమ్మా?" అన్నది కామాక్షి.

"మోగింది. ఎందుకు మోగిందో మరిచిపోయినా." తల్లీ కూతురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పొయ్యి మీద పాలు మాడుతున్నాయి.

మాత్ర మొదట్లో ఆకలి చంపింది. డాక్టరమ్మ మోతాదు మార్చింది. నెలకు కాస్త తేడా కనిపించింది. తేడా అంటే, పదిసార్లు మరిచే చోట ఆరుసార్లు మరిచేది. నాకు ఆ ఆరే కనిపించేవి.

మే నెలలో, నిషేధం వర్తించని తెప్పల వాళ్ళు తెచ్చిన చిన్న చేపలు కొన్ని ఉప్పు వేయడానికి తీసుకున్నాం. కాసేపటికి పెరట్లోకి పోతే తొట్టిలో ఒక వల జెండా గుచ్చి ఉంది. సముద్రంలో వల వేసినప్పుడు దాని కొసన తేలే వెదురు కర్ర, దానికి ఎర్ర గుడ్డ. నాచు పట్టి, పీతల గుల్లలు అంటుకుని, మురుగు వాసన కొడుతోంది. అది తినే చేపల మధ్య ఉంది.

"ఈ దరిద్రాన్ని తొట్టిలో ఎందుకు పెట్టినావ్ మే!"

స్వర్ణ పరుగున వచ్చింది. చేతిలో ఉప్పు చిప్ప ఉంది. "ఇప్పుడే కామాక్షి పిలిచిందని పోయినా. సగంలో ఉందని తెలవాలని గుచ్చినా. కర్ర కడగలేదు. అది మరిచిపోయినా." ముఖం పాలిపోయింది. కానీ మిగిలిన వరసలకు అక్కడే నిలబడి ఉప్పు వేసింది, మూత వేసింది, అప్పుడు జెండా పీకింది.

నేను ఆ కర్ర పట్టుకుని చూరు కింద వల బాగు చేసుకుంటున్న సుధాకర్ దగ్గరికి పోయాను.

"ఇది లేకుండా పోతే వల దొరుకుతదా రా?"

"యాడ దొరుకుద్ది మా? నీళ్ళల్లో గుర్తెట్ట?"

"మరి జెండా కట్టుకున్నందుకు నిన్నెవరన్నా మొద్దు అన్నారా?"

వాడు తల ఎత్తి నన్ను చూశాడు, తర్వాత తొట్టిని చూశాడు. సాయంత్రానికి నాలుగు పొట్టి కర్రలు చెక్కి, కొత్త ఎర్ర గుడ్డ కట్టి పెరటి గుమ్మం పక్కన పెట్టాడు.

ఆ రాత్రి దీపం ముందు కూర్చుంటే నా చేతులే కనిపించాయి. సొర చేపల పొట్టలు చీల్చిన చేతులు. కడుక్కుని ఇన్నేళ్ళు తల్లికి దీపం పెట్టాను. కడుక్కుంటే నాకు పోయే మైల దానికెందుకు పోదు? చేప కంపు గంగమ్మ తల్లికి కొత్తా? ఆ పిల్లను చూసి నేను ముక్కు మూసుకున్నన్ని సార్లు తల్లి నన్ను చూసి మూసుకుందేమో, ఎవరికి తెలుసు? మర్నాడు జువ్వలదిన్నెకు ఫోను చేసి, పొంగలికి చుట్టంగా వస్తే చాలని కూతురితో చెప్పాను.

స్వర్ణ భయపడింది. "వద్దత్తా. నా చేతిలో చెడిపోతే పేటంతా..."

"చెడిపోతే నా పేరు కూడా చెప్తార్లే. నేను పక్కనే కూర్చుంటా. కుండ ముట్టను."

పొంగలి నాడు ఒడ్డున మూడు రాళ్ళ పొయ్యి. స్వర్ణ పక్కనే ఇసుకలో పొడవాటి వల జెండా గుచ్చింది. డప్పులు, ఎండ, జనం. నేను ఈత చాప మీద కూర్చుని ఊరికే చూస్తున్నాను. రోజారమణి వచ్చింది.

"ఏందక్కా, పొంగలి కాడ వల వేసినారా?"

"అవునమే. నీ నోటికి కూడా ఒక జెండా కట్టాల, యాడ పోతందో తెలవడంలా."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె మూతి ముడుచుకుంది. అంతలో గుడి దగ్గర నుంచి ఎవరో కేక వేశారు, తల్లి మెడలో దండ జారిపోతోంది, కోడలమ్మ రావాలని. స్వర్ణ లేచి పోయింది. పాలు అప్పుడే చుట్టూ బుడగలు కడుతున్నాయి. పిలుద్దామా? చేయి పెట్టకూడదు గానీ పిలవకూడదని ఎవరూ అనలేదు. దండ సర్దాక స్వర్ణ పూల బుట్టలో ఏదో చూస్తూ నిలబడింది. నేను ఆ తొట్టి తలుచుకున్నాను, పురుగులు తలుచుకున్నాను. నోరు తెరిచాను.

నేను పిలిచేలోపే ఆమె తల తిప్పింది. జనం తలల పైన ఎర్ర గుడ్డ గాలికి కొట్టుకుంటోంది. బుట్ట వదిలేసి ఇసుకలో పరుగెత్తుకు వచ్చింది. వచ్చి కూర్చునేసరికి పాలు లేచి తూర్పు వైపుకు, సముద్రం వైపుకు, పొంగాయి. ఆడవాళ్ళు సంబరంగా కేకలు పెట్టారు. బియ్యం పోసింది, బెల్లం వేసింది, దించే దాకా కదల్లేదు. అడుగు కొద్దిగా అంటింది. ఆ మాడు వాసన నా ముక్కుకు తెలిసింది. తల్లికి చెప్పలేదు.

సుధాకర్ మా పడవ ముక్కుకు పొంగలి అద్దుతుంటే పెద్దాయన ఒకరు అడిగారు, "ఎవరి చెయ్యమ్మా ఇది?"

"మా కోడలి చెయ్యి," అన్నాను.

పడవలు పోయాక ఇంటికి వచ్చాం. స్వర్ణ స్నానం చేసి, తువ్వాలు మంచం మీద వేసి, అలిసిపోయి నేల మీదే నిద్రపోయింది. పరుపు అప్పటికే తడిసింది. ఎత్తి చూస్తే ముక్కిన వాసన. నాకు ఒళ్ళు జలదరించింది, ఎప్పటిలాగే. ఆ అసహ్యం నాకు పోలేదు. ఈ వయసులో పోతుందో లేదో తెలియదు.

తువ్వాలు తీసుకుపోయి దండెం మీద ఆరేశాను. స్వర్ణను లేపలేదు.